పసుపు పెట్టిన ర్యాకు

పోయిన నెల కుందారపల్లిలో మా అత్త వాళ్ళు కొత్తిల్లు కట్టి పాలు పొంగించినారు, దానికని పోయింటిని. అన్నం తిన్నాక బస్సు వచ్చే దాకా ఏం చేస్తాం అని టమాట తోట గెనం గట్టు మీద నడుస్తా ఉంటే, చెట్ల మధ్యలో ఒక ఆడమనిషి చెయ్యి చాపి నిలబడి ఉండాది. తల లేదు. ఒంటి మీద మగోళ్ళ గళ్ళ చొక్కా, మెడకి ప్లాస్టిక్ కవరు కట్టింటే గాలికి పటపటమంటా ఉండాది. పక్షులకని పెట్టిన దిష్టిబొమ్మ. దగ్గరికి పోయి చూస్తే ఆ చెయ్యి నాకు బాగా తెలిసిన చెయ్యి. చిటికెన వేలు లేదు. హోసూరులో నేను పని చేసిన నంజుండప్ప గుడ్డల అంగడిలో గాజు వెనకాల నిలబడి, పండక్కి పట్టుపావడ, చలికి స్వెట్టరు, మామూలు రోజుల్లో చుడీదారు కట్టుకున్న బొమ్మ అది. అంగడి మూసేసినప్పుడు పాత సామానంతా ఎవురికో ఇచ్చేసినారని విన్నాను, అది ఇట్ల టమాటలకి కాపలా కాస్తా ఉంటాదని అనుకోలేదు. నేను చేసిందేమంటే, పక్కకి జారిన కాలరు సరిచేసి, పైబొత్తాము పెట్టి, వచ్చేసినాను. వంకర కాలరు చూస్తే నా చెయ్యి ఊరుకోదు. బస్సులో కూర్చుంటానే మొదలైంది, ఆ అంగడి, ఆ మేడ మీది క్లాసు, మా అవ్వ చేసిన పని, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేసినాయి.

మాది హోసూరు పక్క బాగలూరు దాటినాక లోపలికి పోయే ఊరు. మా నాయనకి గొర్లు, రొంత చేను. మా అమ్మ గులాబీల షెడ్డుకి పూలు కోసే పనికి పోతా ఉండె. అందుకే మా ఇంట్లో ఒక పక్క గులాబీ వాసన, ఇంకో పక్క గొర్రెల వాసన, మధ్యలో మా అవ్వ పొయ్యి కాడ సంగటి మాడిన వాసన. అమ్మ తెల్లారకముందే లేచి ముల్లు గుచ్చుకున్న వేళ్ళకి నూనె రాసుకోని, స్వెట్టరు మీద కొంగు బిగించుకోని పోతాది. నాయన గొర్లని వదిలే ముందర ఒక్కొక్కదాని వీపు మీద చెయ్యేసి చూస్తాడు, ఏ దానికి నలతగా ఉండాదో చేతికే తెలిసిపోతాది ఆయనకి. అవ్వ మటుకు ఇంట్లోనే. పాత చీరలు చించి బొంత కుడతా, రోడ్డు మీద పోయేవాళ్ళందర్నీ పిలిచి యాడికి పోతా ఉండారని అడగతా, వాళ్ళు చెప్పింది నమ్మక ఇంకొకర్ని అడగతా కూర్చుంటాది. ఊర్లో ఎవురింట్లో ఏం జరిగినా జరగక ముందే మా అవ్వకి తెలుసు. కొన్ని జరగనే జరగవు, అయినా అవ్వకి తెలుసు.

పన్నెండో క్లాసు నేను ఎట్లో పాసైనాను. లెక్కల్లో ఎట్ల గట్టెక్కినానో ఆ దేవుడికే తెలియల్ల. మా ఊరి ఆడపిల్లలంతా పొద్దున్నే కంపెనీ బండెక్కి పోతారు, నీలం కోటు ఏసుకోని చిన్న చిన్న సామాన్లు బిగించే పనికి. నన్ను గూడా పొమ్మన్నారు. నాకేమో నోరు మూసుకోని ఒక చోట కూర్చునేది చేత కాదు. బంధువులాయన ఒకరు చెప్పి నంజుండప్ప అంగడిలో సేల్స్ పనికి పెట్టించినాడు. నంజుండప్ప లావుపాటి మనిషి, మెత్తటోడు, కానీ ప్రతిదానికీ ఒక సామెత లాంటి గొణుగుడు ఉంటాది. ఆ బొమ్మకి గుడ్డలు మార్చల్లంటే ఇద్దరు పిల్లలు దుప్పటి అడ్డం పట్టల్ల, మూడో పిల్ల లోపల మార్చల్ల. రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తారంట. ప్లాస్టిక్కే గదా అన్నా అంటే, ప్లాస్టిక్ అయినా ఆడదే గదమ్మా అంటా ఉండె. ఆ దుప్పటి వెనకాలే నాకీ పని రుచి తెలిసింది. ఒక రోజు నేను ఆకుపచ్చ టాపుకి ఆరెంజి షాలు ఏసినాను, పండిన మిరపచెట్టు మాదిరి ఉండాదని అందరూ నవ్వినారు. సాయంత్రానికి ఆ రెండు రంగులూ అంగడిలో లేవు. నేను ఆ రోజు ఇంటికి బస్సులో నిలబడే వచ్చినాను గానీ కాళ్ళు నేల మీద లేవు.

దాని తర్వాతే ఆ క్లాసు సంగతి తెలిసింది. బస్టాండు వెనక మేడ, కింద జెరాక్సు అంగడి, దాని మీద కంప్యూటర్ క్లాసులు, దాని మీద మేము. ఆదివారం పూట ఫ్యాషన్ మర్చండైజింగు నేర్పిస్తారు. ఆ పేరు నోట్లో తిరిగేదానికే నాకు చాలా దినాలు పట్టింది. ఇంట్లో చెప్పినప్పుడు అవ్వ బొంత పక్కన పెట్టి అడిగింది.

"కుట్టేదా?"

"కాదవ్వా."

"నేసేదా?"

"అది గూడా కాదు."

"అమ్మేదా? అది ఇప్పుడే చేస్తా ఉండావు గదే."

ఏ గుడ్డ, ఏ రంగు, ఎంత తెప్పించల్ల, ఎప్పుడు తెప్పించల్ల, అంగడిలో యాడ పెట్టల్ల, ఎవురు కొంటారు, ఇదంతా ముందే చూసి చెప్పే పని అని వివరంగా చెప్పినాను. మా నాయన సంగటి ముద్ద మింగతా అంతా విన్నాడు. విని, "అయితే ఊరికే చూసేదానికి జీతమిస్తారన్న మాట. నేను పుట్టినప్పట్నుంచి గొర్లని చూస్తా ఉండాను, నాకెవురూ ఇయ్యలేదే" అన్నాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది. కానీ ఫీజుకి వద్దనలేదు ఎవురూ. ఒక షరతు మాత్రం పెట్టినాడు నాయన. క్లాసు ముగిసే లోపల ఏదన్నా దారి దొరికితే సరి, లేదంటే మారు మాట లేకుండా కంపెనీ బండెక్కల్ల. బండికి పిల్లల్ని చేర్చే ఆయన మా నాయనకి వరసకి బావ. నాకొక సీటు పట్టి పెట్టమని ఆయనకి అప్పుడే చెప్పేసినాడు గూడా.

క్లాసులో మాకు నేర్పించే మేడమ్ సేలం ఆమె. తమిళం, ఇంగ్లీషు కలిపి గడగడా చెప్తాది. మొదట్లో సగం అర్థమయ్యేది, మిగతా సగం పక్కనుండే సెల్వి చెప్పేది. సెల్వి తమిళ పిల్ల, నా కంటే బాగా చదివింది, అయినా ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టల్లో నన్నే అడగతా ఉండె. గుడ్డని వేళ్ళ మధ్య నలిపి ఏ నూలో చెప్పేది, కుట్టు లోపలి పక్క తిప్పి చూసేది, రోడ్డు మీద పోయే పది మందిని చూసి వాళ్ళు ఏ రంగులేసుకున్నారో గుర్తుపెట్టుకునేది, ఇట్లాంటివి మా పాఠాలు. నేను బస్సులో పోతా పోతా అందరి అంచులూ చూస్తా ఉంటిని. ఒక ముసలామె అయితే ఏం పాపా, నా చీర చినిగిందా అని అడిగేసింది.

క్లాసు ముగిసేటప్పుడు మేడమ్ చెప్పింది, బెంగళూరు పక్క ఒక పెద్ద రెడీమేడ్ కంపెనీ నుంచి ఒకామె వస్తాది, వచ్చి ఒకర్ని పనికి తీసుకుంటాది అని. దానికి మేము ఒక్కొక్కరం ఒక ర్యాకు తయారు చేయల్ల. ర్యాకంటే చక్రాల మీద నిలబడే ఇనప కడ్డీ, దానికి హ్యాంగర్లు తగిలిస్తారు. ఎవురో ఒక మనిషిని మనసులో పెట్టుకోని, ఆ మనిషికి ఏం గుడ్డలు కావాలో ఎంచి తగిలించి, ఏంటికి అవే ఎంచినామో ఆమెకి చెప్పల్ల. నేను ఎవుర్ని పెట్టుకున్నానంటే, మా ఊరి కంపెనీ బండి పిల్లని. వాళ్ళు పొద్దున్నుంచీ నీలం కోటు లోపల ఉంటారు. ఎంత మంచి టాపు ఏసుకున్నా కనపడేది మెడకాడ రొంత, మోకాళ్ళ కింద రొంత. కాబట్టి వాళ్ళ టాపుకి పనితనమంతా మెడకాడ, కింది అంచుకాడ ఉండల్ల, మధ్యలో ఏమీ లేకపోయినా నష్టం లేదు. నీలానికి పక్కన బాగుండల్లంటే తెలుపు, మీగడ రంగు, లేత పసుపు. ఇట్ల ఆలోచించి ఆలోచించి నంజుండప్పని బతిమలాడి టాపులు తీసుకున్నాను. ట్యాగు తెగకూడదు, మరక పడకూడదు, సోమవారం పొద్దున్నే యథాస్థానంలో ఉండల్ల అని నూరుసార్లు చెప్పి ఇచ్చినాడు ఆయన.

శనివారం సాయంత్రం వాటిని ఇంటికి తెచ్చి దండెం మీద ఏసి, పొగ తగలకుండా నాయన పంచె కప్పినాను. ఇల్లంతా కొత్త గుడ్డ వాసన. గొర్రెల వాసన గూడా ఆ రోజు దూరంగా నిలబడినట్ల అనిపించింది. అవ్వ వచ్చి పంచె ఎత్తి చూసింది, దించింది, మళ్ళా ఎత్తి చూసింది. ఏం మాట్లాడలేదు. మా అవ్వ ఏం మాట్లాడకుండా ఉండాదంటే నేను అప్పుడే అనుమానపడల్ల. తెల్లారి ఇస్త్రీ పెట్టె కోసం పక్క వీధికి పోయి, అది కాలే దాకా వాళ్ళింట్లో మాట్లాడి, వచ్చేటప్పటికి ఆలస్యమైపోయింది. అవ్వ గుడ్డలన్నీ చక్కగా మడిచి కవర్లో పెట్టి, కవరు మూతి గూడా కట్టి పెట్టింది. ఇస్త్రీ ఆడనే చేసుకుంటాలే అని, కవరు ఎత్తుకోని పరిగెత్తినాను. గేటు కాడ అవ్వ నా తల మీద చెయ్యి పెట్టి, "నవ్వుతా ఉండు, ఎక్కువ మాట్లాడొద్దు" అనింది. ఆ మాట మా అవ్వ నోట వచ్చేది వింతే, అయినా బస్సు తొందరలో పట్టించుకోలేదు.

క్లాసు హాల్లో కవరు విప్పి మొదటి టాపు తగిలించినాను. కింది అంచు మూలలో పసుపు. తడి పసుపు ముద్దలో బొటనవేలు ముంచి అద్దినట్ల, గుండ్రంగా, అవ్వ వేలి గీతలతో సహా. రెండోది తీస్తే అట్లే. అన్నీ అట్లే. మా పక్క కొత్త గుడ్డ ఒంటి మీదికి పోయే ముందర ఒక మూల పసుపు పెట్టల్ల, పెట్టకుండా ఏసుకుంటే తిట్లు పడతాయి. అది నాకు తెలుసు. కానీ ఇవి నావి కాదు, ఎవురి ఒంటి మీదికీ పోవు, ర్యాకు మీద నిలబడల్ల, సోమవారం అంగడికి పోవల్ల. సెల్వి ఒక టాపు లాక్కోని బాత్రూము కాడికి పరిగెత్తి సబ్బు పెట్టి రుద్దింది. పసుపు కాస్తా ఎర్రగా అయిపోయింది. ఆ పిల్ల నా మొగం చూసింది, నేను ఆ పిల్ల మొగం చూసినాను. ఇద్దరికీ ఏడుపు రావల్ల, వచ్చింది నవ్వు. అది తడిగా ఎర్రగా అట్లనే కిటికీకి ఆరేసి, మిగిలినవాటి మూలలు లోపలికి మడిచి గుండుసూదులు పెట్టినాము. ఇంకేం చేస్తాం.

బెంగళూరు ఆమె సన్నగా, జుట్టు పొట్టిగా కత్తిరించుకోని, కన్నడం మాట్లాడతా వచ్చింది. ఒక్కొక్క ర్యాకు కాడ నిలబడతాది, వింటాది, తల ఊపతాది, పోతాది. నా కాడికి వచ్చింది. నేను మా బండి పిల్ల గురించి, నీలం కోటు గురించి, మెడ గురించి గడగడా చెప్పినాను. ఆమె వింటానే ఒక టాపు తీసి, అంచు పట్టుకోని లోపలి పక్కకి తిప్పింది. మేము నేర్చుకున్న మొదటి పాఠమే అది, కొనేవాళ్ళు అంచు లోపల చూస్తారని. గుండుసూది ఆమె వేలికి గుచ్చుకుంది. తర్వాత పసుపు కనపడింది. వెనకాల నిలబడిన మా మేడమ్ మొగంలో రక్తం లేదు.

ఇదేమిటని అడిగింది ఆమె. నాకు అబద్ధం ఏమీ తట్టలేదు. ఉన్నదున్నట్ల చెప్పేసినాను, మా అవ్వ పెట్టింది, కొత్త గుడ్డకి పెట్టల్ల గదా మేడమ్, పెట్టినాక అది ఇంక ఆ ఇంటిదే అని. ఆమె టాపు అట్లే పట్టుకోని, "అయితే మీ ఇళ్ళల్లో పసుపు పెట్టినాక అంగడికి తిరిగి తీసుకోని పోరా?" అని అడిగింది.

"పోరు మేడమ్. ఎట్ల పోతారు. అందుకే గదా మా ఆడోళ్ళు కొనే ముందర అంతసేపు చూసేది."

ఇంక నా నోరు ఆగలేదు. మా ఊరామె ఒక టాపు కొనల్లంటే పది విప్పిస్తాది, విప్పించి అన్నీ వదిలి బయటికి పోతాది, టీ తాగి మళ్ళా వస్తాది, ఆ టాపుని గడప కాడికి తీసుకోని పోయి ఎండలో చూస్తాది, మా ఓనరేమో ఎత్తుకోని పోతారేమో అని వెంట పరిగెత్తుతాడు. ఎత్తుకోని పోయేది కాదు, లైటు కింద రంగు నమ్మరు వాళ్ళు. అందుకని నేనే తెల్ల గుడ్డల వరసంతా గడప పక్కకి జరిపినాను, ఒక స్టూలు ఏసినాను, అప్పట్నుంచీ వాళ్ళు బయటికి పోయేది తగ్గింది అని చెప్పినాను. చెప్తా ఉంటే అవ్వ మాట గుర్తొచ్చింది, ఎక్కువ మాట్లాడొద్దని. అప్పటికే శానా మాట్లాడేసినాను. ఆమె వేలు చప్పరించుకుంటా తర్వాతి ర్యాకుకి పోయింది.

మధ్యాన్నం అందరం లెమన్ రైస్ తింటా ఉండాము. నేను పొట్లం విప్పనే లేదు. కళ్ళ ముందర కంపెనీ బండి, అందులో నాకు పట్టి పెట్టిన సీటు. సెల్వి నా పొట్లం గూడా తానే తినేసింది, పారేస్తే పాపమంట. అప్పుడు మేడమ్ వచ్చి నా ముందర నిలబడి, తమిళంలో నిదానంగా, నన్ను తీసుకున్నారని, వచ్చే సోమవారం నుంచే రమ్మన్నారని చెప్పింది. చెప్పి, గొంతు రొంత తగ్గించి, "కంపెనీ గుడ్డలకి మాత్రం మీ అవ్వని దూరంగా ఉంచమన్నారు" అనింది.

అంగడికి పోయి నంజుండప్ప ముందర గుడ్డలు పెట్టినాను. ఆయన మూల తిప్పి చూసినాడు. పసుపు పెట్టేసినాక ఇది నా సరుకు కాదమ్మా, నువ్వే ఏసుకో అని నా పక్కకి తోసేసినాడు. ఆయన గూడా మా పక్కోడే గదా. తర్వాత, "మీ అవ్వని ఒక దినం పిలుచుకోని రా. అంగడంతా పెట్టిస్తాను. ఒక్కటి గూడా తిరిగి రాదు" అన్నాడు.

ఇంటికి పోతే వాకిట్లో చెప్పులే చెప్పులు. లోపల వీధి ఆడోళ్ళంతా కూర్చోని ఉండారు, అమ్మ మొగం వేలాడేసుకోని కాఫీ పోస్తా ఉండాది. అవ్వ నడిమధ్యలో. సంగతేమంటే, బెంగళూరు నుంచి వస్తారు, చూసి ఒకర్ని ఎంచుకుంటారు, నచ్చితే వెంటనే పోవల్ల అని నేను అమ్మతో చెప్పింది అవ్వ పొయ్యి కాడ్నుంచి వినింది. దాని మీద ఇంటి నిండా కొత్త గుడ్డలు వచ్చినాయి. మనవరాలికి పెండ్లి కుదరతా ఉండాది, ఈ ముసల్దానికి ఎవురూ చెప్పలేదు, పోనీ గుడ్డలకి పసుపన్నా పెడదాం అని పెట్టేసింది. పెట్టినాక ఊరికే ఉంటాదా, వీధంతా చెప్పేసింది, అమ్మ కాదన్నా ఎవురూ నమ్మలేదు.

పిల్లోడు ఎట్ల ఉండాడని చిన్నక్క అడిగింది, చిన్నక్కంటే మా పక్కింటామె. పిల్లోడు లేడు, పని వచ్చింది అని చెప్పినాను. నేను చూసింది మా నాయన్ని. ఆయన గోడకి ఆనుకోని బీడీ వేళ్ళ మధ్య తిప్పతా ఉండె. "రోజూ పోయి రావచ్చునా?" అని మాత్రం అడిగినాడు. మన సరిహద్దు జూజువాడి దాటితే బస్సులకేం కొదవ నాయనా అన్నాను. లేచి చెప్పులేసుకున్నాడు. యాడికి అని అమ్మ అడిగితే, "బావకి చెప్పొస్తాను, ఆ సీటు వేరే పిల్లకి ఇమ్మని" అని బయటికి పోయినాడు.

అవ్వ మాత్రం తగ్గలేదు. ఇంతమంది ముత్తైదువలు వచ్చినారు, గుడ్డలకి పసుపు పెట్టి ఉండాది, పని అయితే ఏం, పెండ్లి అయితే ఏం, రెండూ ఇంకో ఊరికి పోయేదే గదా అని, నన్ను పీట మీద కూర్చోబెట్టి, మీగడ రంగు టాపు తొడిగించి, అందరితో కుంకుమ పెట్టించింది. ట్యాగు వీపు మీద గీరతా ఉండాది. చిన్నక్క పాట గూడా ఎత్తుకుంది, పిల్లోడి పేరు వచ్చే చోట దగ్గింది.

ఇప్పుడు నేను ఆ కంపెనీ సాంపుల్ రూములో పని చేస్తా ఉండాను. రోజుకి ఎన్ని గుడ్డలు నా చేతి మీద పోతాయో నాకే తెలీదు. ఒక్కొక్కటీ లైటు కింద పరిచి, అంచు తిప్పి, చుక్క మరక ఉన్నా పక్కన పెట్టేయల్ల. ఆడ ఏసీ చలి, ప్లాస్టిక్ కవర్ల వాసన, ఏ గుడ్డ ఏ దేశానికి పోతాదో ఒక సంఖ్య మాత్రం ఉంటాది. అప్పుడు నంజుండప్ప అంగడిలో ఒక టాపు ఎవురింటికి పోయిందో, వాళ్ళ కోడలికి నచ్చిందో లేదో గూడా తెలిసేది. ఇప్పుడు వేల మందికి ఏం కావాలో చెప్తాను, ఒక్కర్ని గూడా చూడను. కొన్ని దినాలు ఇది బాగుండాది అనిపిస్తాది, కొన్ని దినాలు స్టూలు మీద కూర్చునే ఒక ముసలామె వచ్చి పది విప్పించి పోతే బాగుండు అనిపిస్తాది.

మా అవ్వకి కంటిచూపు తగ్గింది. ఇంటికి ఏ కొత్త గుడ్డ తీసుకోని పోయినా, ముట్టుకునే ముందర అడగతాది, కంపెనీదా నీదా అని. కంపెనీది అంటే చేతులు వెనక్కి కట్టుకోని, వంగి, ముక్కు ఆనేంత దగ్గర్నుంచి చూస్తాది. పోయిన వారం నేను ఒక కుర్తా తీసుకోని పోయినాను. దానికి పక్క జేబు లోతుగా ఉండల్ల, ఫోను, గుర్తింపు కార్డు రెండూ పట్టల్ల, మా బండి పిల్లలకి అదే కావల్ల అని మీటింగులో పట్టుబట్టింది నేను. అందరూ ఒప్పుకున్నారు, రేపో మాపో వేలకి వేలు కుట్టేస్తారు. మొదట కుట్టిన దానితో పనైపోయిందని నాకు ఇచ్చేసినారు.

అవ్వ జేబులోకి చెయ్యి పెట్టి మోచేతి దాకా పోనిచ్చి చూసింది. తర్వాత మామూలుగానే అడిగింది, కంపెనీదా నీదా అని.

"రెండూ అవ్వా."

"రెండూ అంటే ఎట్ల. పెట్టల్లా వద్దా?"

"పెట్టు" అన్నాను. "లోపలి పక్క పెట్టు."